సీటు కింద మూడు శతాబ్దాలు

1785లో విలియం కూపర్ అనే ఆంగ్లకవి ‘ద టాస్క్’ అనే దీర్ఘకావ్యం అచ్చు వేయించాడు. దేని మీద రాయమంటావని అడిగితే, స్నేహితురాలు లేడీ ఆస్టిన్ ఈ సోఫా మీదే రాయమందట. ఆయన నిజంగానే రాశాడు. మొదటి భాగానికి పేరే ‘ద సోఫా’. మూడుకాళ్ళ పీటతో మొదలుపెట్టి, నాలుగోకాలు, వీపుకి ఆనుడు, చేతులకి దన్ను ఒకదాని తర్వాత ఒకటి ఎలా వచ్చి చేరాయో చెప్పుకొచ్చాడు. ఆ వరసలో ఇండియా నుంచి వచ్చిన పేము కూడా ఉంది.

పాత సోఫా కొనాలనుకునేవారు ఇలాంటి వరస ఒకటి మనసులో పెట్టుకోవడం మంచిది. దుకాణంలో అందరి చూపూ ముందు నగిషీ మీదకే పోతుంది. నగిషీని ఏ కాలంలోనైనా చెక్కవచ్చు, నిన్న చెక్కి ఇవాళ పొగచూరినట్టు రంగు వేయవచ్చు. మనిషి బరువు మోసే భాగాన్ని మాత్రం ఒక్కో కాలం ఒక్కో రకంగా కట్టింది. అందుకే సోఫా చరిత్రని సీటు కింద నుంచి చదవాలంటాను.

17వ శతాబ్దపు ఇంగ్లండులో ఇద్దరు కలిసి కూర్చునే ఆసనమంటే చాలాచోట్ల గోడవారన వేసిన చెక్క బల్లే. మెత్తటివి రాజుల, ప్రభువుల ఇళ్ళకే పరిమితం. కెంట్‌లోని నోల్ భవనంలో ఆ శతాబ్దపు సోఫా ఒకటి ఇప్పటికీ ఉంది. దాని పక్క పలకలు కిందికి వాలతాయి. 1660ల తర్వాత ఈస్టిండియా కంపెనీ ఓడల్లో తూర్పుదేశాల పేము లండన్ చేరింది. తేలిక, చవక, దుమ్ము పట్టదు, పురుగు చేరదు. చట్రం చుట్టూ వరసగా బెజ్జాలు వేసి, సన్నగా చీల్చిన పేము బద్దల్ని వాటిలోంచి లాగి అల్లేవారు. ఈ బెజ్జాల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. 18వ శతాబ్దం మొదట్లో రెండు మూడు కుర్చీల వీపులు పక్కపక్కన అతికించినట్టుండే సెట్టీలు వచ్చాయి. కలిసి కూర్చున్నా ఎవరి వీపు వారిదే.

ఆ కట్టుబాటుని సడలించింది పదిహేనో లూయీ కాలపు ఫ్రాన్స్. కొలువులో నిటారుగా కూర్చోవడం నుంచి గదిలో ఒరిగి కబుర్లాడుకోవడానికి మారిన జీవితం సోఫా వంపుల్లో కనిపిస్తుంది. లండన్‌లో థామస్ చిప్పెండేల్ అనే వడ్రంగి తాను అచ్చువేసిన నమూనాల పుస్తకంలో సోఫా పొడవు ఆరడుగుల నుంచి తొమ్మిది, పది అడుగుల దాకా ఉండవచ్చన్నాడు. అది మహళ్ళ కొలత. అపార్ట్‌మెంటు లిఫ్టు తలుపు వెడల్పు చూసుకోకుండా బయానా ఇవ్వకూడదు. ఆ కాలపు సీటు కింద స్ప్రింగు లేదు. నారపట్టీలు అడ్డంగా, నిలువుగా బిగించి, మీద గోనెగుడ్డ పరిచి, గుర్రపువెంట్రుకలు దట్టించి కుట్టేవారు. కూర్చుంటే దిగదు.

ఆ తర్వాత వచ్చిన చుట్టల స్ప్రింగు సోఫా స్వరూపాన్నే మార్చేసింది. వియన్నాలో గియోర్గ్ యూనిగ్ల్ 1822లో పేటెంటు పొందాడు, అదే దశాబ్దంలో లండన్‌లోనూ పేటెంట్లు వచ్చాయి. స్ప్రింగుకి చోటు కావాలి కాబట్టి సీటు మందం పెరిగింది, చట్రం గుడ్డ వెనక్కి వెళ్ళిపోయింది. కదిలే స్ప్రింగు మీద వెంట్రుకలు చెదిరిపోకుండా లోతుగా దారం లాగి గుండీలు బిగించడం పరిపాటి అయింది. చెస్టర్‌ఫీల్డ్ సోఫా ఒంటినిండా కనిపించే గుంటలు ఆ బిగింపు ఫలితమే. చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు దాన్ని మొదట చేయించాడన్న కథకి గట్టి ఆధారం లేదు, అమ్మేవాడు ఆ పేరు చెప్పి ధర పెంచితే ఒప్పుకోనక్కర్లేదు.

ఇండియాలో కథ వేరు. ఉక్కపోతకీ, చీమలకీ, చెదలకీ దట్టించిన సీటు ఎంతకాలం నిలుస్తుంది? కంపెనీ ఉద్యోగుల ఇళ్ళలో ఇంగ్లిష్ నమూనా చట్రాన్ని టేకుతోనో రోజ్‌వుడ్‌తోనో చేయించి, సీటు మాత్రం పేముతో అల్లించారు. మీద తీసి ఎండలో వేసుకునే పరుపు. కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. లండన్‌లో మోజు తీరిన పేము ఇక్కడ నిలిచిపోయింది. దొరలు స్వదేశానికి వెళ్ళేటప్పుడు సామాను వేలానికి వచ్చేది. అలా చేతులు మారిన ఈ సోఫాలు స్థానికుల ఇళ్ళకీ చేరాయి. వాటిని చూసి మన వడ్రంగులు ఇంకెన్నో చేశారు.

ఈ చరిత్రలో విశాఖపట్నానికి పెద్దపీటే వేయాలి. 17వ శతాబ్దం చివర్లో కంపెనీ అక్కడ స్థావరం పెట్టాక, ఊళ్ళోని పనివారు యూరపు నమూనాలకి దంతం పొదగడం మొదలుపెట్టారు. దంతం ఎక్కువగా బర్మా తీరంలోని పెగూ నుంచి వచ్చేది. దంతపు రేకు మీద పూలతీగల్ని సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆ తీగలకీ కోరమాండల్ కలంకారీ వస్త్రాల అంచులకీ ఉన్న పోలికని ఎవరైనా గుర్తుపట్టవచ్చు. 1756లో అక్కడికి వెళ్ళిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ పొదుగుడు పనిని బాగా మెచ్చుకుని రాసుకున్నాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఆస్తిని 1781లో అమ్మినప్పుడు, విశాఖ పనితనంగా గుర్తించిన దంతపు కుర్చీల సెట్టుని మూడో జార్జి రాజు రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అది ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. ఆ పనివాళ్ళ పేర్లు మాత్రం సామాను మీద లేవు. చిప్పెండేల్ పేరు ప్రపంచమంతా తెలిసి వీరి పేర్లు మాసిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

యంత్రయుగంలో మైకేల్ థోనెట్ అనే వడ్రంగి బీచ్ కర్రని ఆవిరిలో వంచి, స్క్రూలతో బిగించే కుర్చీలు చేశాడు. 1859 నాటి 14వ నంబరు కుర్చీలు విడదీస్తే ముప్పై ఆరు ఒక్క ఘనమీటరు పెట్టెలో పట్టేవి. అదే పద్ధతిలో వంపుకర్ర సెట్టీలూ వచ్చాయి. 1950ల నుంచి పాలీయురిథేన్ ఫోమ్ స్ప్రింగునీ వెంట్రుకలనీ వెనక్కి నెట్టింది. ఆ దశాబ్దంలోనే కొత్తగా కడుతున్న చండీగఢ్ కోసం వాస్తుశిల్పి పియర్ జన్నరె బృందం టేకు, పేముతో ఆసనాలు రూపొందించింది. ఆఫీసుల్లో పాతబడి తుక్కు కింద పోయిన ఆ సామాను తర్వాత విదేశీ వేలాల్లో లక్షలు పలికింది. నకళ్ళూ పుట్టుకొచ్చాయి. 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకాన్ని ఆపమంది.

మన 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు నిండిన, చారిత్రక విలువ ఉన్న వస్తువుని పురావస్తువుగా లెక్కిస్తుంది. అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకి తాతగారి సోఫా పంపాలనుకునేవారు ముందు ఇది తెలుసుకోవాలి. రోజ్‌వుడ్ 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణలో ఉంది. దంతపు వ్యాపారం మన దేశంలో నిషిద్ధం, కాబట్టి దంతం పొదిగిన సోఫా ఎవరైనా అమ్మజూపితే తప్పుకోవడమే మంచిది. విశాఖ పనిని మ్యూజియంలో చూసుకుందాం.

ఇక దుకాణంలో చేయవలసింది. ముందుకాలు ఒకటి పట్టుకుని అరడుగు లేపండి. రెండో ముందుకాలు కూడా వెంటనే లేస్తే చట్రం గట్టిది, అది నేలనే అంటుకుని ఉంటే కీళ్ళు వదిలాయి. తర్వాత తిరగేయండి. రంపపు గీతలు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతికోత. విల్లు వంపులుంటే గుండ్రటి మరరంపం. స్క్రూ మొన మొద్దుగా, తలమీద గాడి పక్కకి జరిగి ఉంటే 19వ శతాబ్దం మధ్యకి ముందుది కావచ్చు. ప్లస్ గుర్తు స్క్రూ 1930లకి ముందు ఉండదు, అయితే మరమ్మతులో ఒకటి రెండు దూరి ఉండవచ్చు. పుచ్చు రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. పైగుడ్డ చిరిగిందని వెనక్కి తగ్గక్కర్లేదు, నూరేళ్ళ సోఫాకి గుడ్డ ఎన్నోసార్లు మారి ఉంటుంది. చేవగల కర్ర, వదలని కుసి ముఖ్యం.

మన వాతావరణానికి నా ఓటు పేము సీటున్న టేకు సెట్టీకే. పాత బెజ్జాల మీద ప్లైవుడ్ కొట్టి ఫోమ్ పరిచినవి బజారులో చాలా కనిపిస్తాయి. ఆ పలక ఊడదీస్తే చాలాసార్లు చట్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అంచు చుట్టూ విడివిడి బెజ్జాలుంటే చేత్తో అల్లినది. ఒకే పొడవాటి గాడి ఉంటే 19వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన మరనేత పేము చాపని అందులో నొక్కి బిగించారన్నమాట. రెండూ బాగుచేయించదగ్గవే, కాకపోతే చేతి అల్లికకి కూలి ఎక్కువ. ధర మాట్లాడేముందే పేము అల్లేవారిని వెతికి పెట్టుకోవాలి. అల్లిక కాస్త జారితే కొత్తది వేయించక్కర్లేదు. అడుగువైపు తడిగుడ్డతో బాగా తడిపి రాత్రంతా ఆరనిస్తే పేము మళ్ళీ బిగుసుకుంటుంది.