రాకడ

క్రిస్మసునకు ముందువచ్చు నాలుగు ఆదివారముల నిరీక్షణను తెలుగు కతోలికులు ‘ఆగమనకాలము’ అందురు. ‘చేరవచ్చుట’ అను అర్థముగల లాటిను ‘అద్వెంతుస్’ పదమునకు సంస్కృతపు ఆఙ్పూర్వక గమ్ ధాతువు చక్కగా అమరినది. ఆ ధాతువునుండియే శైవాగమముల పేరును వెలసినదగుటచేత, సోమేశ్వరుని గుట్టగల పాలకుర్తిలో ఈ మాట పరాయిది కాజాలదు.

అయినను నా మనస్సు ‘రాకడ’ వైపే మొగ్గును. పోకడ, నిలకడల కోవలోని అచ్చతెనుగు పదమిది; జానుతెనుగును మెచ్చి, పాడుకొనుటకు వీలైన ద్విపదలో బసవపురాణమును రచించిన ఆ పాలకుర్తి కవి పాల్కురికి సోమనాథుడు వినియున్నచో దీనినే ఏరుకొనియుండునని నా ఊహ. క్రైస్తవులు ‘రెండవ రాకడ’ అని క్రీస్తు పునరాగమనమునకు దీనిని వాడుచున్నారు. జననమునకుముందటి నిరీక్షణకుమాత్రము, ఏలనో, తత్సమమే దక్కినది.

మార్గశిరపు చలిలో శొంఠి, మిరియములు, బెల్లము వేసి కాచిన కషాయము త్రాగుచు, యెషయా ప్రవచనములు చదివించుకొని, పురుషోత్తమ చౌధరి కీర్తన యొకటి పాడించుకొనినచో ఈ రెండు మాటల రుచియు తెలియును. పూర్వము ఆగమనకాలము దీక్షాకాలమై ఉపవాసము లుండినవి గాని, నేడు కషాయమునకు దోషము లేదు.

ఆగమనకాలపు తొలి ఆదివారము నవంబరు 27కు ముందుగాని, డిసెంబరు 3కు పిమ్మటగాని రాదు.