గ్రంథసూచి: తాళపత్రం నుంచి కంప్యూటర్ దాకా

పుస్తకం ఉండటం వేరు, అది పాఠకునికి దొరకటం వేరు. ఈ రెంటినీ కలిపేది గ్రంథసూచి. తెలుగుదేశానికి వెలుపల స్థిరపడిన మనకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో వెలసిన తెలుగు కావ్యాలు, యక్షగానాలు పలువురి చేతులు మారి నేటికీ నిలిచాయి. 1673లో నాయక రాజ్యం అంతరించినా, వారి గ్రంథ భాండాగారం మరాఠా రాజులకు సంక్రమించింది. రెండవ శరభోజి (1798–1832) దానిని ఎంతగానో పెంచాడు. అదే సరస్వతీ మహల్, 1918లో ప్రజాగ్రంథాలయమైంది.

ఆ తంజావూరు జిల్లాలోనే, శీర్కాళిలో, 1892లో ఎస్.ఆర్. రంగనాథన్ జన్మించారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది 1931లో ఆయన ప్రకటించిన పంచసూత్రాలలో ఒకటి.

కాలక్రమాన కార్డుల పని కంప్యూటర్‌కు చేరింది. న్యూజిలాండ్‌లో ఒక ప్రజాగ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో అమలుకు వచ్చిన 'కోహా'ను ఏ గ్రంథాలయమైనా ఉచితంగా వాడుకోవచ్చు. మావోరీ భాషలో ఆ పేరుకు కానుక అని అర్థం. సొంత కంప్యూటర్‌లోని ఈ-పుస్తకాలను అమర్చుకొనేందుకు కోవిద్ గోయల్ 2006లో ప్రారంభించినది 'కాలిబర్'. ఇదీ ఉచితమే. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది కనుక రెండింటిలోనూ వివరాలను తెలుగులోనే నమోదు చేయవచ్చు.

అయితే చిక్కు పేర్లతో వస్తుంది. తిరువయ్యారులో జీవించిన వాగ్గేయకారుని మనం త్యాగరాజు అన్నా, త్యాగయ్య అన్నా, త్యాగరాజస్వామి అన్నా ఒక్కరినే తలుస్తాము. యంత్రానికి మాత్రం వారు ముగ్గురు. రోమన్ లిపిలో రాస్తే 'టి' పక్కన 'హెచ్' చేర్చేవారు కొందరు, చేర్చనివారు కొందరు. అప్పుడు ముగ్గురు కాస్తా ఐదారుగురవుతారు. పైగా స్కాన్ చేసిన పాత పుస్తకంలో ప్రతి పుటా ఒక బొమ్మ. దానిలోని అక్షరాలను గుర్తించే ఏర్పాటు చేయనంతవరకు, సూచిలో మనం రాసినదే యంత్రానికి తెలుస్తుంది. అక్కడ పేరు తప్పితే పుస్తకం ఉన్నా లేనట్టే.

కనుక ముఖపత్రం మీద ఉన్న శీర్షికను ఉన్నది ఉన్నట్టుగా తెలుగులో రాయాలి. రచయితకు ఒకే రూపం నిర్ణయించుకొని, తక్కిన రూపాలను దానికి ముడిపెట్టాలి. కోహాలో ఇందుకు ప్రామాణిక నామాల పట్టిక ఉంది. కాలిబర్‌లో వేర్వేరుగా పడిన పేర్లను ఒకటిగా కలపవచ్చు. ముద్రణ స్థలం, సంవత్సరం, ప్రతి ఎవరి ఇంట దొరికిందో కూడా చేర్చాలి. హోసూరులోనో బరంపురంలోనో ఒక ఇంటి అటక మీద తెలుగు పుస్తకం ఉండేదన్న సంగతికి రేపు ఆ ఒక్క పంక్తే సాక్ష్యం కావచ్చు.