పెట్రోలు మంచిచెడ్డలు - ఇంజను ఆయుర్దాయము



ఈనాడు మన పల్లెల్లో ఇంజను లేని ఇల్లు అరుదు. మోటారు సైకిలు, వీపున తగిలించుకొని మందు కొట్టే పవరు స్ప్రేయరు, కలుపు తీసే చిన్న యంత్రము, కొందరికి కారు గూడా వున్నవి. వీటిలో చాలామట్టుకు పెట్రోలుతో నడిచేవే. "పెట్రోలంటే పెట్రోలే గదా, ఎక్కడ పోయించుకుంటేనేమి?" అనేవారు కొందరు. "ధర యెక్కువైన పెట్రోలు పోస్తేనే ఇంజనుకు బలము" అనేవారు మరి కొందరు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఏది యెంతవరకు నిజమో తేలాలంటే ఈ నూనె పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. ఇది నూరేళ్ళు పైబడిన కథ. ఇందులో రైతుకూ చోటున్నది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్ అనే వూరివద్ద 1859లో ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన చమురు బావి త్రవ్వించినాడు. అప్పటివారికి కావలసింది దీపాలకు కిరసనాయిలు. ముడి చమురును కాచి వడగట్టేటప్పుడు ముందుగా తేలికైన ద్రవమొకటి వచ్చేది. చప్పున ఆవిరైపోయేది, నిప్పు దగ్గరకు వస్తే భగ్గుమనేది. దీపములో పోస్తే ఇల్లు కాలుతుంది. అందుచేత దానిని చాలాచోట్ల పారబోసేవారు. అదే మన పెట్రోలు.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే యిల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారు చేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైముకు బయలుదేరింది. దారిలో నూనె అయిపోయింది. వీస్లోహ్ అనే వూళ్ళో మందుల షాపుకు వెళ్ళి, బట్టల మీద మరకలు తుడిచే లిగ్రోయిన్ అనే ద్రవమును కొని బండిలో పోయించింది. బండి నడిచింది! ఎందుకు నడిచిందంటారా? ఆ కాలపు ఇంజను చాలా సాధువు. ఆవిరయ్యే నూనె యేదైనా దానికి సరిపోయేది.

ఇంజను సాధువు కావడమంటే యేమిటో చెప్తాను. సిలిండరులోకి గాలి, పెట్రోలు ఆవిరి కలిసి వస్తవి. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అదుముతుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. ఎంత గట్టిగా అదిమితే అంత యెక్కువ శక్తి వస్తుంది, అంత తక్కువ నూనె ఖర్చవుతుంది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు మిశ్రమమును సుమారు నాలుగవ వంతుకు మాత్రమే అదిమేది. ఈనాటి కారులు పదవ వంతు వరకు అదుముతున్నవి. ఈ రెంటికీ మధ్య నడిచినదే పెట్రోలు నాణ్యము కథ.

కారులు పెరిగినకొద్దీ పెట్రోలు చాలలేదు. 1913లో విలియం బర్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బరువైన నూనెను వేడితో, ఒత్తిడితో విరగగొట్టి పెట్రోలు తీసే పద్ధతి పెట్టినాడు. అయినా గిరాకీ తీరక, బరువైన భాగాలను గూడా పెట్రోలులోనే కలపసాగినారు. ఇంజన్లు ఎక్కువగా అదమడము, నూనె నాసిరకము కావడము, రెండూ ఒకసారే జరిగినవి. అంతట కొత్త జబ్బొకటి బయలుదేరింది. బండి మిట్ట యెక్కుతున్నప్పుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు టకటకమని చప్పుడు. దీనినే ఇంగ్లీషువారు నాకింగు అన్నారు.

గడ్డివాముకు ఒక మూల నిప్పంటుకుంటే మంట క్రమముగా అటునుంచి ఇటు పాకుతుంది. మంచి ఇంజనులో గూడా మంట అట్లాగే ప్లగ్గు దగ్గర మొదలై వరుసగా పాకాలి. నూనె తగినది కాకపోతే, మంట చేరకముందే మిగిలిన మిశ్రమము వేడికి, ఒత్తిడికి తనంతట తానే ఒక్కుమ్మడి పేలుతుంది. ఆ దెబ్బకు పిస్టను తల మీద గుంటలు పడతవి, రింగులు విరుగుతవి, హెడ్డు గాస్కెట్టు పోతుంది. నాటు తుపాకి గట్టించినట్లుగా మందు గట్టిస్తే గొట్టము పగలకేమి చేస్తుంది?

అమెరికాలో డేటన్ నగరాన చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు బండికి ఎలెక్ట్రిక్ స్టార్టరు కనిపెట్టినాడు. 1912 కాడిలాక్ కారులో అది వచ్చింది. ఈ టకటకకు ఆయన ఎలెక్ట్రిక్ సామానే కారణమని కొందరు నింద వేసినారు. ఆయన 1916లో థామస్ మిడ్జ్‌లీ అనే యువకుని ఈ పనిమీద పెట్టినాడు. తప్పు నిప్పురవ్వది కాదు, నూనెది అని తేలింది. ఇంగ్లండులో హారీ రికార్డో అనే ఆయన వేరుగా పరిశోధించి ఇదే మాట చెప్పినాడు.

మిడ్జ్‌లీ మొదట అయోడిను కలిపి చూస్తే చప్పుడు తగ్గింది. కాని అది ఖరీదు, పైగా లోహాన్ని తినేస్తుంది. ఎన్నెన్నో పదార్థాలు చూసి చూసి, 1921 డిశంబరు 9న సీసముతో చేసిన టెట్రాఇథైల్ లెడ్ అనే ద్రవమును పరీక్షించినాడు. గాలను పెట్రోలుకు చెంచాడుకంటె తక్కువ చాలింది. చప్పుడు మాయము. 1923 ఫిబ్రవరిలో డేటనులోనే ఇది అమ్మకానికి వచ్చింది. ఆలుకాహాలు కలిపినా చప్పుడు తగ్గుతుందని వారికి అప్పటికే తెలుసు. కాని సీసము కొంచెముతోనే పని జరుగుతుంది, లాభము యెక్కువ. అందుచేత సీసమే గెలిచింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, సీసము ఇంజనుకు గూడా పూర్తిగా మేలు చేయలేదు. కాలగా మిగిలిన సీసపు బూడిద ప్లగ్గులమీద, వాల్వులమీద పేరుకున్నది. దానిని పొగగొట్టములోనుంచి బయటికి తోయడానికి బ్రోమిను కలిసిన మరొక మందు చేర్చవలసి వచ్చింది. అనగా ఇంజను లోపలి బూడిదను మన పీల్చే గాలిలోకి పంపినారన్నమాట. రెండు, మనిషి ప్రాణము. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే అనే చోట ఈ ద్రవము తయారుచేసే కార్ఖానాలో కూలీలకు మతి చలించింది. ఐదుగురు చనిపోయినారు, 30 మందికి పైగా ఆసుపత్రి పాలైనారు. ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఇది ప్రజలకు ముప్పు అని గట్టిగా చెప్పింది. 1925లో కొన్నాళ్ళు అమ్మకము ఆగింది. నిషేధించుటకు తగిన కారణము లేదని ఒక సంఘము తేల్చడముతో 1926లో మళ్ళీ మొదలైంది. ఆమె మాట నిజమని లోకము ఒప్పుకొనుటకు యాభై యేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లోనే నూనెకు కొలమానము గూడా వచ్చింది. 1926లో గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు ద్రవాలను గీటురాయిగా తీసుకున్నాడు. తొందరగా పేలే హెప్టేనుకు 0, నిదానము గల ఐసో-ఆక్టేనుకు 100. మొదట ఆ హెప్టేనును ఒక జాతి పైను చెట్ల బంక నుండి తీసేవారు. పెట్రోలు బంకులో 91 అని, 95 అని చెప్పే ఆక్టేను అంకె ఇదే. ఇది పెట్రోలులోని బలాన్ని చెప్పే అంకె కాదు, ఒత్తిడికి తట్టుకునే ఓర్పును చెప్పే అంకె. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇక రైతు సంగతి. 1917లో వచ్చిన ఫోర్డుసన్ ట్రాక్టరును పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కినాక కిరసనాయిలు మీద నడిపేవారు. కిరసనాయిలు చవక గనుక అమెరికాలో, ఇంగ్లండులో చాలా ట్రాక్టర్లు ఇట్లాగే నడిచినవి. మన దేశములో గూడా పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుతో నడిపే చిన్న పంపుసెట్లను రైతులు ఎందరో వాడినారు. ఆ ఇంజన్లను అందుకోసమే తక్కువగా అదిమేట్లు కట్టినారు. అయినా చిక్కు తప్పలేదు. ఇంజను చల్లగా వున్నప్పుడు కిరసనాయిలు పూర్తిగా ఆవిరి కాదు. సిలిండరు గోడల వెంబడి జారి, అక్కడి ఆయిలు పొరను కడిగివేసి, క్రింది ఆయిలులో కలిసి దానిని పలచన చేస్తుంది. పలచని ఆయిలుతో బేరింగులు అరుగుతవి. అందుచేత తెలిసిన రైతులు ఆయిలును తరచు మార్చేవారు. 1935లో అమెరికాలో ఆలివర్ 70 అనే ట్రాక్టరు రెండు రకాలుగా వచ్చింది: గట్టిగా అదిమే పెట్రోలు రకమొకటి, కిరసనాయిలు రకమొకటి. ఇంజనును బట్టి నూనె అన్న సూత్రము అక్కడ స్పష్టమైంది.

సీసము కథ ముగింపు చూడండి. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు మనుషుల వొంట్లో సీసము సహజమైన దానికంటె యెన్నో రెట్లు పెరిగిందని వ్రాసినాడు. 1975 నుండి అమెరికా కారులకు పొగను శుభ్రపరచే పరికరము అమర్చసాగినారు. సీసము దానిని చెడగొడుతుంది గనుక సీసములేని పెట్రోలు వచ్చింది. అప్పుడు రైతులకు ఒక భయము పట్టుకున్నది. సీసపు పూత పాత ట్రాక్టర్ల మెత్తని వాల్వు సీట్లను కాపాడేది. అది పోతే యెట్లా? 1985 నాటి అమెరికా వ్యవసాయ చట్టము ప్రకారము ప్రభుత్వము పొలం ఇంజన్లమీద పరీక్షలు జరిపించింది. మెత్తని సీట్లు గల ఇంజన్లు అధిక వేగముతో, అధిక బరువుతో నడిస్తే సీట్లు అరిగినవి. గట్టి లోహపు సీట్లు వేస్తే బాధ తీరింది. మన దేశములో నాలుగు మహానగరాలలో 1995లోను, దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండీ సీసములేని పెట్రోలు వచ్చింది. 2021లో అల్జీరియా మానివేయడముతో ప్రపంచములో కార్లకు సీసపు పెట్రోలు అమ్మకము ముగిసింది.

మన దేశములో అసలు ముప్పు మరొకటి. ఒకప్పుడు రేషను కిరసనాయిలు చవకగా, పెట్రోలు ప్రియముగా వుండేవి. ఈ ధరల తేడాయే కల్తీకి మూలమైంది. కిరసనాయిలుకు ఆక్టేను అంకె చాలా తక్కువ. నేటి ఇంజనులో పడితే టకటక, మసి, ఆయిలు పలచనగుట, అన్నీ వస్తవి. ఈ కల్తీని అడ్డుకొన్నవారు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో లఖింపూర్ ఖేరీ వద్ద ఒక బంకును మూయించిన 27 ఏళ్ళ ఆయిల్ కంపెనీ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను 2005 నవంబరులో కాల్చి చంపినారు. 2011 జనవరిలో మహారాష్ట్రలో మన్మాడ్ వద్ద అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను సజీవముగా తగలబెట్టినారు. పెట్రోలు నాణ్యము చిన్న సంగతి కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఈ మధ్య వచ్చిన మార్పు ఇథనాలు. 2025 నాటికి మన పెట్రోలులో సుమారు 20 శాతము ఇథనాలు కలుస్తున్నది. చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తీసేది గనుక ఇందులో రైతు పంటకు గిరాకీ వున్నది. నూరేళ్ళ క్రిందట సీసము వెనక్కి నెట్టిన ఆలుకాహాలే ఈనాడు తిరిగి వచ్చిందన్నమాట. దీనికి ఓర్పు యెక్కువ, టకటక రాదు. కాని లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు కంటె మూడవ వంతు తక్కువ గనుక మైలేజి కొంత తగ్గుతుంది. నీటిని పీల్చుకుంటుంది. పాత ఇంజన్ల రబ్బరు గొట్టాలకు సరిపడకపోవచ్చు.

కాబట్టి ఇప్పుడు ప్రశ్నకు జవాబు చెప్పుకుందాము. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. పెట్రోలు నాణ్యము తప్పక లెక్కకు వస్తుంది. అయితే నాణ్యమంటే ధర కాదు. శుభ్రత, కల్తీ లేకపోవడము, మీ ఇంజనుకు చెప్పిన ఆక్టేను అంకె, ఈ మూడే నాణ్యము. ఆచరణలో పెట్టవలసినవి చెప్తాను, వినండి.

ఇంజనుతో వచ్చిన పుస్తకములో యే అంకె వ్రాసి వుంటే అది చాలు. అంతకు మించిన పెట్రోలుకు డబ్బు పెడితే సాధారణ ఇంజనుకు అదనపు బలము రాదు.

అనుమానమున్నచోట బంకులో వడపోత కాగితము అడగండి. అడిగే హక్కు మీకున్నది. కాగితము మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాలలో ఆరిపోవాలి. జిడ్డు మరక నిలిచిందా, కల్తీ అని శంకించవలసిందే. సాంద్రత గూడా కొలిచి చూపమని అడగవచ్చు.

మందు కొట్టే కాలము అయిపోగానే స్ప్రేయరు టాంకీలోని పెట్రోలు తీసివేయండి. తరువాత ఇంజను ఆగిపోయేవరకు నడిపి కార్బురేటరు ఖాళీ చేయండి. నెలల తరబడి నిలవ వున్న పెట్రోలు మడ్డి కడుతుంది, ఇథనాలు వల్ల నీరు గూడా అడుగుకు చేరుతుంది. టూ-స్ట్రోకు ఇంజనుకు కలిపే ఆయిలు పాలు తప్పనివ్వకండి.

పాత బండికి పెట్రోలు గొట్టాలు ఉబ్బినా, చెమ్మ పట్టినా వెంటనే మార్పించండి.

చివరగా, ఇంజను టకటకమంటే అది మనతో మాట్లాడుతున్నదని తెలుసుకోండి. ఎద్దు మేత ముట్టకపోతే యెంత త్వరగా కనిపెడతామో, దీనినీ అంత త్వరగా కనిపెట్టాలి. వేగము తగ్గించండి, బరువు తగ్గించండి, నూనె యెక్కడ పోయించినారో గుర్తు చేసుకోండి, మేస్త్రీకి చూపించండి. లీటరుకు నాలుగు రూపాయలు కలిసివస్తవని కల్తీ నూనె పోస్తే ఆ రూపాయలన్నీ పిస్టను, రింగుల ఖర్చుకు చాలవు.