పచ్చబొట్టులో పచ్చ ఎక్కడిది?

విశాఖపట్నము ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరగానే చేపల వేలము మొదలగును. అక్కడ గంపలెత్తు వృద్ధస్త్రీలలో కొందరి ముంజేతులపై నీలిపచ్చని చుక్కలు, పువ్వులు, తేళ్లు కనిపించును. అవి పచ్చబొట్లు. ఉప్పునీరు గాని ఎండ గాని వాటిని చెరిపివేయలేదు. ఆ పచ్చరంగు ఎక్కడిది? అది చెరగకుండుటకు కారణమేమి? దానిని పొడిచినవారెవరు?

మొదటి ప్రశ్నకు జవాబు విచిత్రమైనది. అందు వాడిన రంగు పచ్చనిది కాదు, నల్లనిది. పసుపును, అవిసె ఆకును కలిపి గుడ్డలో చుట్టి, వత్తిచేసి, ఆముదముతో వెలిగించి, పైన మట్టికుండ బోర్లించెడివారు. కుండకు పట్టిన మసిని గీరి చనుబాలతో గాని నీటితో గాని కలిపెడివారు. మంటలో పసుపు వన్నె గాని ఆకు వన్నె గాని మిగులదు. మిగులునది మసి మాత్రమే. చర్మముపై పడిన వెలుతురులోని ఎర్రని కిరణములు లోతుకు చొచ్చి ఆ మసిలో ఇంకిపోవును. నీలి కిరణములు పైపొరలలోనే చెదరి మన కంటికి తిరిగివచ్చును. కావున నల్లని మసి నీలిపచ్చగా తోచును.

ఇక రెండవ ప్రశ్న. చర్మపు పైపొర సుమారు నెల రోజులలో క్రొత్తదగును. సూది ఆ పొరను దాటి, లోపొరలో మసిని విడుచును. శరీరము దానిని పరాయి పదార్థముగా ఎంచును. భక్షకకణములు వచ్చి రేణువులను మ్రింగును గాని జీర్ణించుకొనలేవు. ఒక కణము చనిపోగా జారిన రేణువులను మరియొక కణము మ్రింగునని 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి చూపిరి. పట్టి ఉంచవలెనని వచ్చిన కావలివారే బొమ్మను కాపాడుచున్నారు! 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,300 ఏండ్లనాటి మానవదేహముపైన గూడ 61 మసిగుర్తులు నిలిచియున్నవి.

మన దేశమున ఈ విద్యను ఊరూరికి మోసినవారిలో ఎరుకల స్త్రీలు ముఖ్యులు. గంపలు అల్లుచు, సోది చెప్పుచు, పచ్చబొట్లు పొడుచుచు వారు తిరిగెడివారు. నొప్పి తెలియకుండ పాట పాడెడివారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రకటించిన ఏడు సంపుటముల దక్షిణ భారత కులముల గ్రంథములో వారి ప్రస్తావన కలదు. ఆ తరువాత కొలది కాలమునకే, 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారిని చేర్చి, పెక్కుమందిని స్టూవర్టుపురము వంటి నివాసములలో నిర్బంధించిరి. ఊరూర తిరుగుటయే వారి జీవనాధారము; ఆ తిరుగుటయే అనుమానమునకు కారణమైనది. 1952 నాటికి ఆ చట్టము దేశమంతట రద్దయినది గాని, మచ్చ వెంటనే పోలేదు. ఇతరుల చేతులపై చెరగని పువ్వులు వ్రాసినవారి నుదుట ప్రభుత్వము వ్రాసిన వ్రాత అది.

1891లో న్యూయార్కున విద్యుత్తుతో నడుచు పచ్చబొట్టు యంత్రమునకు పేటెంటు లభించినది. నేడు నగరములలో యువకులు పొడిపించుకొనునది ఇట్టి యంత్రములతోనే. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడినచో కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వంటి వ్యాధులు వ్యాపించును. ఈ జాగ్రత్తను విద్యార్థులు మరువరాదు.

ఉపాధ్యాయులకొక మనవి. అవ్వల చేతులపైనున్న బొమ్మలను విద్యార్థులచే కాగితముపై గీయించుడు. వాటి పేర్లను, పొడిచినవారి వివరములను అడిగించి వ్రాయించుడు. మసి చెరగదు గాని, దానిని ధరించిన చేయి శాశ్వతము కాదు.