బడి ముందు వాడలో పుట్టింది

చదువు మనకు ఎవరో దయతలిచి ఇచ్చిందన్న మాట చిన్నప్పట్నుంచి వింటున్నాం. హైదరాబాదు చరిత్ర వేరే సంగతి చెప్తుంది. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో బస్తీల జనాన్ని కూడగట్టిన భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారులో మన పిల్లలకు బడి తెరిచిండు. అట్లాంటి బడులు పాతిక దాకా పెరిగినయి. 1930లలో నిజాం సర్కారు వాటిని తన చేతిలోకి తీసుకుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద, అణగారిన పిల్లలకు కేటాయించింది. ఫీజు సర్కారు తన లెక్క ప్రకారం బడికి చెల్లించాలె. అయితే దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ కాగితాలు కావాలో కూలికి పోయే తల్లికి చెప్పేదెవరు? తరగతిలో పిల్లను వేరుగా కూచోబెడితే అడిగేదెవరు? ఆనాడు బస్తీల్లో జరిగిన పని ఇవాళ మన టీచర్లు, విద్యార్థి సంఘాలు వాడవాడకూ పోయి చేయాలె. లేకుంటే ఆ సీట్లు కాగితం మీదనే ఉంటయి.