గోగు కోసం పదహారు శతాబ్దాల వెతుకులాట

క్రీస్తుపూర్వం 597లో యెహోయాకీను రాజుతో పాటు బబులోనుకు చెరపోయి, కెబారు నది ఒడ్డున తోటి బందీల నడుమ ప్రవచించిన యెహెజ్కేలు గ్రంథంలోని 38, 39 అధ్యాయాలను వర్తమాన యుద్ధాలతో ముడిపెట్టినంతగా, ప్రకటన గ్రంథాన్ని మినహాయిస్తే, బైబిలులో మరే భాగాన్నీ ముడిపెట్టలేదనడం అతిశయోక్తి కాదు. మాగోగు దేశపు గోగు అనే అధిపతి పారసీక, కూషు, పూతు, గోమెరు, తోగర్మా సేనలను వెంటబెట్టుకొని ఉత్తర దిక్కు కొసల నుంచి గుర్రాలపై వచ్చి, నిర్భయంగా కాపురముంటున్న ఇశ్రాయేలు మీద మేఘంలా కమ్ముకొంటాడని, అప్పుడు భూకంపంతో, తెగులుతో, వడగండ్లతో, అగ్నిగంధకాలతో దేవుడే అతన్ని కూలుస్తాడని ఆ అధ్యాయాల సారాంశం. శవాలను పాతిపెట్టడానికి ఏడు నెలలు పడుతుందని, శత్రువులు వదిలిన డాళ్లు, విండ్లు, అంబులు, ఈటెలు ఏడేండ్లపాటు పొయ్యిలోకి సరిపోవడంతో జనానికి అడవికి పోయి కట్టెలు కొట్టే పని తప్పుతుందని కూడా ప్రవక్త వర్ణించాడు.

గోగుకు లోబడినవిగా చెప్పిన మెషెకు, తుబాలు అనే పేర్లు అస్సీరియా శాసనాల్లో ముష్కి, తబల్ అనే రూపాల్లో కనిపిస్తాయి గనుక, అవి నేటి టర్కీ భూభాగంలోని ప్రాచీన రాజ్యాలని చరిత్రకారులు భావిస్తారు. గోగు అనే పేరును క్రీస్తుపూర్వం 7వ శతాబ్దపు లిడియా రాజు గైజిస్‌తో పోల్చేవారూ ఉన్నారు. అష్షూర్‌బనిపాల్ శాసనాలు ఆ రాజును గుగు అని పేర్కొన్నాయి. చెరలో ఉన్న శ్రోతలకు ఇవన్నీ లోకపు ఉత్తరపుటంచున ఉన్న భీకర జాతుల పేర్లు. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయానికి వచ్చేసరికి గోగు, మాగోగు అనే జంట, వెయ్యేండ్ల పాలన ముగిశాక సాతాను మోసంలో పడి తిరగబడే భూదిగంతాల జనాలందరికీ పేరైంది.

శత్రువును పేరుపెట్టి చూపే అలవాటు రోమన్ సామ్రాజ్యం క్రైస్తవమైన తరువాత బలపడింది. 378 ప్రాంతంలో మిలాను బిషప్ ఆంబ్రోసు, గ్రేషియన్ చక్రవర్తికి రాసిన గ్రంథంలో గోగు అంటే గోత్ జాతివారేనని, వారిపై విజయం తథ్యమని ధైర్యం చెప్పాడు. ఆ 378 ఆగస్టులోనే ఆడ్రియనోపుల్ వద్ద గోతులు రోమన్ సేనను ఊచకోత కోశారు, తూర్పు చక్రవర్తి వాలెన్స్ అక్కడే హతుడయ్యాడు. కొన్నేళ్లకు ఈ గుర్తింపును ప్రస్తావించిన బైబిలు పండితుడు జెరోము, అది ఎంత నిజమో ఆ యుద్ధ ఫలితమే చూపిందని రాసి ఊరుకున్నాడు. ఆ వ్యంగ్యానికి పదును ఇప్పటికీ తగ్గలేదు. 410లో గోతులు రోమును దోచుకొన్న వార్త తాను నివసిస్తున్న బేత్లెహేముకు చేరినప్పుడు ఆయన యెహెజ్కేలు వ్యాఖ్యానం తలపెట్టి ఉన్నాడు. శరణార్థుల రాకతో ఆ పని పదేపదే ఆగింది. రోము కూలినా ఆయన మాత్రం గోగును గోతులతో ముడిపెట్టలేదు. హిప్పో బిషప్ అగస్టీను మరింత స్పష్టంగా, గోగు, మాగోగులు ఏదో మూలనున్న అనాగరిక జాతులు కావని, లోకమంతటా ఉన్న సంఘ విరోధులని తేల్చాడు.

అయినా వెతుకులాట ఆగలేదు. తురుష్క సేనలు 1529లో వియన్నాను ముట్టడించిన మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ ఈ రెండు అధ్యాయాలనే జర్మన్‌లోకి తెచ్చి, గోగు తురుష్కుడేనని పీఠికలో చాటాడు.

నేడు ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానానికి మూలం 19వ శతాబ్దపు ‘సహోదరుల’ ఉద్యమ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ బోధలో ఉంది. దేవుని కార్యాన్ని యుగాలుగా విడదీసి, ఇశ్రాయేలుకిచ్చిన వాగ్దానాలు సంఘానికి చెందవని, అవి అక్షరాలా నెరవేరతాయని, అంతకుముందు సంఘం ఎత్తబడుతుందని, ఆ వెనుక ఏడేండ్ల శ్రమల కాలం వస్తుందని చెప్పే ఈ బోధను యుగవిభజన సిద్ధాంతమంటారు. అదే ఉద్యమానికి చెందిన ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టాలో నరసాపురం ప్రాంతంలో సేవ మొదలుపెట్టారు; ఆ పరంపర ఒక్కటే కారణం కాకపోయినా, ‘ఎత్తబడుట’, ‘మహాశ్రమలు’ అనే మాటలు నేటి తెలుగు సంఘాల్లో సుపరిచితాలు.

1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు ఈ సిద్ధాంతాన్ని వాక్యం కిందనే అధస్సూచికలుగా అచ్చువేసి, మెషెకు మాస్కో అని, తుబాలు సైబీరియాలోని తొబోల్స్క్ అని చెప్పింది. దీనికి ఉచ్చారణ పోలిక తప్ప ఆధారం లేదు. గోగును వర్ణించే ‘రోష్’ అనే హీబ్రూ మాటను దేశనామంగా తీసుకొని రష్యాతో కలపడం కూడా ఇలాంటిదే: చాలామంది పండితులు దాన్ని ‘ప్రధాన’ అనే అర్థంలో తీసుకొంటారు, పైగా రుస్ జాతి పేరు చరిత్రలో కనిపించేది క్రీస్తుశకం 9వ శతాబ్దంలో. అయితే యూదులు స్వదేశానికి తిరిగివస్తారని ఈ బోధకులు ఎంతో ముందునుంచీ చెబుతూ ఉండటం, 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడటం వారి మాటకు గొప్ప బలమిచ్చాయన్నది ఒప్పుకోవలసిన సంగతి. ఆ ఊపులోనే 1970లో హాల్ లిండ్సే రాసిన ‘ద లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ కోటికి పైగా ప్రతులు అమ్ముడై, సోవియట్ యూనియన్‌ను గోగుగా నిలబెట్టింది. 1948 నుంచి ఒక తరం, అంటే సుమారు నలభై ఏళ్లలో, అంతా ముగియవచ్చని సూచించింది. ప్రవచనాన్ని అక్షరాలా చదవాలనే ఈ సంప్రదాయంలోనే ఎందరో యెహెజ్కేలు గుర్రాలను యుద్ధ ట్యాంకులుగా మార్చుకోవడం విశేషం. పొయ్యిలోకి పోవలసిన విండ్లు, అంబులకు మాత్రం వారి వద్ద ఇంత సులువైన జవాబు దొరకదు.

1988 గడిచింది, 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది, కాని వ్యాఖ్యానం చెక్కుచెదరలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు అమెరికా టెలివిజన్ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ మళ్లీ యెహెజ్కేలునే తెరిచాడు. ఇరాన్, ఇశ్రాయేలు 2025 జూన్‌లో తలపడినప్పుడు, ఇరాన్ పాత పేరైన పారసీక ముందుకు వచ్చింది. ఇలా ఏ ఓటమీ తప్పని నిరూపించలేని వ్యాఖ్యానం వాక్యానికి లోబడి ఉందనడం కష్టం. అది వార్తలకు లోబడి ఉంది. అంతకంటె బరువైన లోపం మరొకటి: యుద్ధం ముందే రాసిపెట్టి ఉందని నమ్మినవారికి శాంతి ప్రయత్నం వ్యర్థంగా, ఒక్కోసారి దైవసంకల్పానికి అడ్డుగా తోస్తుంది, ఆ నేలపై తరతరాలుగా బ్రతుకుతున్న పాలస్తీనా క్రైస్తవులు ఆ పటంలో కనిపించనే కనిపించరు.

ఆ క్రైస్తవులు మౌనంగా లేరు. యెరూషలేములోని లాటిన్ పేట్రియార్కు మిషెల్ సబ్బా, సిరియన్ ఆర్థడాక్స్, ఎపిస్కోపల్, లూథరన్ సంఘాల అధిపతులు కలిసి 2006 ఆగస్టు 22న విడుదల చేసిన ప్రకటనలో, ప్రవచనాల పేరిట యుద్ధాన్ని సమర్థించే క్రైస్తవ జియోనిజాన్ని తప్పుడు బోధగా తిరస్కరించారు.