తొట్టెకు పూసిన తెల్లరంగు

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో పసిపిల్లల కర్ర తొట్టెలకు ఎక్కువగా సీసం కలిసిన నూనెరంగులే పూసేవారు. తొట్టె ఒక్క బిడ్డతో అరిగిపోయే వస్తువు కాదు. అన్న వాడింది తమ్ముడికి, అక్క ఇంట్లోది చెల్లెలి ఇంటికి, చివరికి పాతసామాన్ల అంగడికి చేరేది. చేయి మారినప్పుడల్లా పాత పూత మీద కొత్త పూత పడేది.

ఆ రంగులకు మూలం సీసపు తెలుపు. దాన్ని తయారుచేసే తీరు విచిత్రంగా ఉండేది. మట్టికుండ అడుగున కాస్త వినెగర్ పోసి, పైన సీసపు చుట్టలు పెట్టి, అలాంటి కుండల వరసలను పేడలోనో, తోళ్ల పదునుకు వాడేసిన చెట్టుబెరడులోనో పాతి గది మూసేసేవారు. పేడ పులిసి వేడినీ బొగ్గుపులుసు వాయువునూ ఇచ్చేది. సుమారు మూడు నెలలకు సీసం తెల్లటి పెచ్చులుగా మారేది. వాటిని నూరి అవిసెనూనెలో కలిపితే రంగు సిద్ధం. అది చెక్కను గట్టిగా పట్టుకుంటుంది, అడుగున ఉన్న మరకను దాచేస్తుంది, తడిగుడ్డతో తుడిచినా పోదు. పిల్లల సామానుకు అంతకన్నా ఏం కావాలని అందరూ అనుకోవడంలో వింత లేదు. ఇనుప గేట్లకు ముందుపూతగా వేసే రెడ్ లెడ్ కూడా ఈ కుటుంబానిదే. తెలుగులో సిందూరమన్న పాత పేరు దానిదే.

చిక్కు మొదట బయటపడింది ఆస్ట్రేలియాలో. బ్రిస్బేన్‌లో జెఫరిస్ టర్నర్ అనే వైద్యుడు 1892లో పిల్లల్లో సీసపు విషాన్ని గుర్తించాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు చెప్పాడు. వసారా కమ్మీల రంగు ఎండకు పొడిపొడి అవుతోంది, కమ్మీలు పట్టుకుని ఆడుకున్న పిల్లల వేళ్లకు అంటుతోంది, వేళ్లు నోట్లోకి పోతున్నాయి. 1922లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పిల్లల చేతికి అందే చోట సీసపు రంగు వేయకూడదని చట్టం చేసింది.

తొట్టె పేరు వైద్యుల రాతల్లోకి ఎక్కింది 1914లో. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు థామస్, బ్లాక్‌ఫాన్ అయిదేళ్ల బాలుడి మరణాన్ని వివరించారు. వాడు తన తొట్టె ఊచల మీది తెల్లరంగును కొరికి తినేవాడు. పళ్లొచ్చే వయసులో చిగుళ్లు సలుపుతుంటే బిడ్డ దేన్నయినా కొరుకుతుంది. నిలబడటం నేర్చిన బిడ్డ నోటికి సరిగ్గా తొట్టె పై కమ్మీ అందుతుంది. కొరకడానికి అంత వీలైన వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు.

అప్పటికి వైద్యులు విషాన్ని చావుతోనే లెక్కగట్టేవారు. బతికిన బిడ్డ కోలుకున్నట్టే అనుకునేవారు. బోస్టన్‌లో బైయర్స్, లార్డ్ 1943లో ఆ నమ్మకాన్ని చెరిపేశారు. కోలుకున్నారని ఇంటికి పంపిన 20 మంది పిల్లల్ని తర్వాత పరిశీలిస్తే 19 మంది బడిలో వెనకబడి ఉన్నారు, లేదా నడవడిలో కుదురు లేకుండా ఉన్నారు.

రంగు పరిశ్రమ మాత్రం వెనక్కి తగ్గలేదు. నేషనల్ లెడ్ కంపెనీ తన ‘డచ్ బాయ్’ గుర్తుతో 1920లలో పిల్లలకే రంగులు వేసుకునే బొమ్మల పుస్తకాలు పంచింది. వేరే దారి లేదనడానికీ లేదు. జింకు తెలుపు 19వ శతాబ్దం నుంచే ఉంది, టైటానియం తెలుపు 1920ల నాటికి బజారులోకి వచ్చింది. 1921లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇళ్ల లోపల సీసపు తెలుపు వాడకాన్ని కట్టడి చేసింది కానీ, అది చూసుకున్నది రంగులు వేసే కార్మికుల ఆరోగ్యాన్ని.

అమెరికాలో అడుగులు నెమ్మదిగా పడ్డాయి. ఇళ్ల లోపల సీసపు రంగు వేయరాదని బాల్టిమోర్ నగరం 1951లో నిషేధించింది. 1955లో రంగుల తయారీదారులు ఎండిన పూత బరువులో సీసం నూటికి ఒక వంతు మించకూడదన్న పరిమితిని ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారు. దేశమంతటికీ నిషేధం 1978లో వచ్చింది. ఇళ్ల రంగులతోపాటు బొమ్మలు, గృహసామాను మీది పూతలోనూ పది లక్షల భాగాలకు సీసం 600 భాగాలు దాటకూడదన్నారు. 2009లో దాన్ని 90కి దించారు.

ఈ చట్టాలన్నీ కొత్తగా తయారయ్యే సరుకుకు. అటక మీది తొట్టెకు వాటితో పని లేదు. పైగా పాతదాన్ని బాగుచేసే పనే దాన్ని ప్రమాదకరం చేస్తుంది. గట్టిగా అంటుకున్న పూత ఊరికే ఉంటే పెద్దగా రాలదు. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే పొరల్లోని సీసమంతా దుమ్మై నేలమీద పరుచుకుంటుంది, పాకే బిడ్డ అరచేతులకు అంటుకుంటుంది. మంటతో కాల్చితే పొగలో కలుస్తుంది. అందుకే తడిపి రుద్దడం, రసాయనంతో పూత వదిలించడం వాడుకలోకి వచ్చాయి. రసాయనాల్లో పేరున్న మిథిలీన్ క్లోరైడ్ పీల్చి మనుషులు చనిపోవడంతో, ఇళ్లలో వాడేవారికి అమ్మకుండా దాన్ని అమెరికా 2019లో ఆపింది.

పాత తొట్టెలో రంగు కింద మరో లోపం దాగి ఉండేది. ఊచల మధ్య సందు ఎక్కువైతే బిడ్డ ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. ఆ సందు 6 సెంటీమీటర్లు మించకూడదని 1973లో నియమం చేశారు. ఒక పక్క కిందికి జారే తొట్టెల అమ్మకాన్ని 2011 జూన్ 28 నుంచి నిషేధించారు. ఈసారి చట్టం వాడేసిన తొట్టెల అమ్మకాన్ని కూడా కలుపుకుంది. గీకి రంగు వేసినంత మాత్రాన అలాంటిది ఇక అమ్ముడుపోదు.

తెలుగు ఇళ్లలో చీర ఉయ్యాలకు రంగుతో పని లేదు. పిల్లల కొయ్యబొమ్మలకు మాత్రం లక్క పూత ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే మర మీద చెక్కుతూ రంగు లక్కను అదిమి పెడతారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. అక్కడ రసాయనపు రంగులు వచ్చి చేరాక, వాటిని వదిలి చెట్ల రంగులకు మళ్లించినందుకు పేరు పొందిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షలకు 90 భాగాలు మించరాదన్న నియమాన్ని భారత ప్రభుత్వం 2016లో ప్రకటించింది. అది మరుసటి ఏడాది నవంబరులో అమల్లోకి వచ్చింది. అదీ కొత్త డబ్బాలకే. అంతకుముందు పూసిన మంచాలు, బీరువాలు, తొట్టెలు ఆ లెక్కలోకి రావు.